పాత మందు, చిన్న మోతాదు

మన దేవాలయాల చరిత్ర, పాఠశాలల చరిత్ర నాకంటె బాగా తెలిసిన పెద్దలు ఈ సంచికలో వ్రాస్తున్నారు. నేను పోర్టు ట్రస్టు అకౌంట్సు శాఖలో ముప్ఫైరెండు సంవత్సరాలు అంకెలు కూడి, తీసివేసి, పదవీ విరమణ చేసినవాణ్ణి. వైద్యుణ్ణి కాను. అయినా సంపాదక వర్గంవారి అనుమతితో ఒక మందు చరిత్ర వ్రాయ సాహసిస్తున్నాను. ఆ మందు మా ఇంట్లోకి వచ్చి మా పెద్దక్కను దాదాపు తీసుకుపోయినంత పని చేసింది. తరువాత అదే మందు ఆమెను మళ్ళీ నిలబెట్టింది. ఒకే మాత్ర ఈ రెండు పనులూ ఎలా చేసిందో తెలుసుకుందామని బయలుదేరితే, ఆ దారి భీమవరం మీదుగా బోస్టను నగరం దాకా పోయి, తిరిగి మన విశాఖపట్నానికే వచ్చింది.

మా పెద్దక్క వన్‌టౌనులో చాలాకాలం ఆడపిల్లలకు కుట్టు నేర్పింది. ఏబయ్యో ఏట ఆమె చేతివేళ్ళ కణుపులు వాచడం మొదలుపెట్టాయి. తెల్లవారి లేచాక రెండు గంటలదాకా పిడికిలి బిగిసేది కాదు. సూదిలో దారం ఎక్కించే చెయ్యి కాఫీగ్లాసు పట్టుకోలేకపోయింది. ఏటా డిసెంబరులో రాస్ కొండ మెట్లు పరుగులాంటి నడకతో ఎక్కే మనిషి, కొండ క్రిందే కుర్చీ వేయించుకుని, పైకి వెళ్ళేవాళ్ళను చూస్తూ కూర్చునేది. పోర్టులోనూ, స్టీలు ప్లాంటులోనూ పనిచేసి మోకాళ్ళు అరగదీసుకున్నవారు మన ఊళ్ళో కోకొల్లలు గనుక, ఇదీ అలాంటి నొప్పే అనుకున్నాము. నూనెలు రాశాము, కాపడాలు పెట్టాము. చివరకు ఒక డాక్టరుగారు చూసి ఇది అరుగుదల కాదు, రుమటాయిడ్ కీళ్లవాతం అన్నారు. శరీరాన్ని కాపాడవలసిన సైన్యమే దారితప్పి సొంత కీళ్ళమీద దాడి చేస్తుందనీ, మగవారికంటె ఆడవారికి రెండు మూడు రెట్లు ఎక్కువగా వస్తుందనీ చెప్పారు. చీటీ మీద ఒక మాత్ర పేరు, 10 మిల్లీగ్రాములు అనే అంకె, ప్రక్కన ఇంగ్లీషులో రెండు పొడి అక్షరాలు వ్రాశారు.

ఆ రెండక్షరాలు "ఓ.డబ్ల్యు." అంటే వారానికి ఒకసారి. మందుల షాపు కుర్రవాడు దాన్ని "ఓ.డి." అని చదివాడు. అంటే రోజుకు ఒకసారి. కవరు మీద తెలుగులో శుభ్రంగా "రోజుకు 1" అని వ్రాసి ఇచ్చాడు. మా అక్క నియమం తప్పని మనిషి. తొమ్మిది రాత్రులు తొమ్మిది మాత్రలు వేసుకుంది.

ఎనిమిదో రోజున ఫోను చేసి, "తమ్ముడూ, నోరంతా పొక్కిపోయిందిరా. మజ్జిగ కూడా మండిపోతోంది" అంది.

"వేడి చేసి ఉంటుంది అక్కా, సబ్జా నీళ్ళు తాగు" అన్నాను. ఈ మాట అన్నవాణ్ణి నేనే గనుక షాపు కుర్రవాణ్ణి ఒక్కణ్ణే తప్పు పట్టే హక్కు నాకు లేదు.

పదోరోజుకు జ్వరం వచ్చింది. ఆసుపత్రికి తీసుకువెళ్ళాము. అక్కడి డాక్టరుగారు సంచిలోని మందులు ఒక్కొక్కటే తీసి చూస్తూ, "ఈ మాత్ర ఏ వారం వేసుకుంటున్నారమ్మా?" అని అడిగారు. "వారం ఏముందండీ, రోజూ రాత్రి అన్నం తిన్నాక" అంది అక్క. ఆయన కలం క్రింద పెట్టేశారు. రక్తపరీక్షలో తెల్లకణాలు అడుగంటాయి. ఫోలినిక్ ఆమ్లం అనే విరుగుడు సూది మీద సూది ఇచ్చి, పన్నెండు రోజులు ఉంచుకుని ప్రాణం నిలిపారు. ఆ వరండాలో కూర్చుని ఆ మాత్ర పేరు నా పాకెట్ డైరీలో వ్రాసుకున్నాను. మెథోట్రెక్సేటు. అక్కడ పనిచేసే ఒక చిన్న డాక్టరు నా వ్రాత చూసి, "అది మన తెలుగాయన లేబరేటరీలో పుట్టిన మందే సార్" అన్నాడు. అప్పటినుంచి దీని వెంట పడ్డాను.

తెలుగాయన అంటే ఎల్లాప్రగడ సుబ్బారావు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టాడు. చదువులో చురుకైనవాడని చెప్పడానికి లేదు. మెట్రిక్యులేషను మూడోసారికి గాని గట్టెక్కలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివే రోజుల్లో గాంధీగారి పిలుపు విని ఖద్దరు కోటు వేసుకుని వెళ్ళినందుకు శస్త్రచికిత్స ప్రొఫెసరు దొరగారికి కోపం వచ్చింది. ఫలితంగా ఎం.బి.బి.యస్. పట్టాకు బదులు దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రం చేతికి వచ్చింది. ఆ పట్టాతో సర్కారు కొలువు దొరక్క మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధించాడు. స్ప్రూ అనే జబ్బు ఇద్దరు సోదరులను పొట్టనపెట్టుకుంది. అది పేగుల వ్యాధి. తిన్నది ఒంటబట్టక, రక్తం పలచబడి మనిషి చిక్కిపోతాడు. సుబ్బారావునూ ఆ జబ్బు పట్టి విడిచింది. ఈ సంగతి గుర్తుంచుకోవలసిందిగా పాఠకులను కోరుతున్నాను, ముందు దీనితో పని ఉన్నది.

1922లో కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి వారి సహాయంతోనూ, మామగారి సహాయంతోనూ ఓడ ఎక్కి అమెరికా చేరాడు. బోస్టనులో హార్వర్డు వారి ఉష్ణమండల వైద్య పాఠశాలలో చదువు. పగలు చదువు, మిగతా వేళల ఆసుపత్రిలో చిన్నా చితకా పనులు. ఆ తరువాత సైరస్ ఫిస్క్ అనే ప్రొఫెసరు దగ్గర చేరి, రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో కనిపెట్టాడు. ఈనాటికీ జీవరసాయన విద్యార్థులు దాన్ని ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అనే పిలుస్తారు. ఆ కొలత చేతికి దొరికాక వాళ్ళిద్దరూ కండరాల్లో ఉండే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లోనూ, అడినోసిన్ ట్రైఫాస్ఫేటును 1929లోనూ బయటపెట్టారు. మన కండ కదలాలన్నా గుండె కొట్టుకోవాలన్నా ఖర్చయ్యే నాణెం ఈ రెండవ పదార్థమే. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే సంవత్సరం దాన్ని కనుగొన్నాడు. అడినోసిన్ అనే ఈ మాటను కూడా కాస్త ప్రక్కన పెట్టుకోండి.

ఇంత చేసినా హార్వర్డులో స్థిరమైన పదవి దక్కలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరాడు, త్వరలోనే అక్కడి పరిశోధన శాఖకు అధిపతి అయ్యాడు. తన కుటుంబాన్ని తిన్న స్ప్రూకు మందు కనిపెట్టాలన్న పట్టుదల అతన్ని వదలలేదు.

ఇక్కడ కథలోకి మరో దేశస్థురాలు వస్తుంది. లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు 1928లో బొంబాయి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణీ స్త్రీలను చంపుతున్న ఒక రక్తహీనతను పరిశోధించింది. సరైన తిండి లేకపోవడమే కారణమని పసిగట్టి, ఈస్టుతో చేసే మార్మైట్ అనే చవక పదార్థాన్ని తినిపించి నయం చేసింది. 1931లో ఆమె ఆ సంగతి ప్రచురించినప్పుడు అందులో పనిచేసిన వస్తువేమిటో ఎవరికీ తెలియదు. పదేళ్ళ తరువాత, 1941లో అమెరికాలోని టెక్సస్ పండితులు నాలుగు టన్నుల పాలకూర ఉడికించి, వడగట్టి, అందులోంచి ఒక పదార్థాన్ని రవ్వంత తీశారు. లాటిను భాషలో ఆకుకు "ఫోలియం" అని పేరు గనుక ఫోలిక్ ఆమ్లం అన్నారు. అయితే టన్నుల కొద్దీ ఆకుకూర ఉడికించి రోగులకు మందివ్వడం జరిగే పని కాదు. సుబ్బారావు బృందం 1945లో దాన్ని ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసింది. దానితో స్ప్రూ రోగుల రక్తం కోలుకుంది. ఇప్పుడు మన గ్రామాల్లో ఆశా కార్యకర్తలు గర్భిణీలకు ఐరన్‌తో కలిపి పంచే బిళ్ళలో ఉన్నది ఈ ఫోలిక్ ఆమ్లమే.

మేలు చేసిన మందు ఎక్కడ కీడు చేస్తుందో చూడటంలోనే ఈ చరిత్ర మలుపు తిరిగింది. బోస్టను పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు ల్యుకీమియా పిల్లలకు ఫోలిక్ ఆమ్లపు జాతి మందులు ఇచ్చి చూశాడు. ల్యుకీమియా అంటే రక్తపు కాన్సరు, ఆ రోజుల్లో పిల్లలకు వస్తే వారాలలో, నెలలలో మరణమే. మందిచ్చిన పిల్లల్లో జబ్బు తగ్గకపోగా పరుగెత్తింది. మరొకరైతే అక్కడితో చేతులు ముడుచుకునేవారు. ఫార్బర్ తిరగేసి ఆలోచించాడు. ఫోలిక్ ఆమ్లం దొరికితే కాన్సరు కణం పెరుగుతున్నది గదా, దొరకకుండా చేస్తే? సుబ్బారావు బృందం అటువంటి వస్తువును చేసి ఇచ్చింది. ఫోలిక్ ఆమ్లాన్ని అచ్చంగా పోలి ఉండే దొంగ తాళంచెవి అది. కణంలోని తాళంలోకి దూరుతుంది, తిరగదు, అసలు చెవిని దూరనివ్వదు. కణం విభజన ఆగిపోతుంది. దాని పేరు అమినోప్టెరిన్. దానికి చిన్న మార్పు చేస్తే వచ్చిన తమ్ముడే మెథోట్రెక్సేటు. 1948 జూనులో ఫార్బర్ తన ఫలితాలు ప్రచురించాడు. మృత్యుముఖంలో ఉన్న పదహారుమంది పిల్లల్లో పదిమంది కోలుకున్నారు. ఆ కోలుకోవడం తాత్కాలికమే. కాని ఆ జబ్బు ఒక మందుకు లొంగి వెనక్కు తగ్గడం మనుషులు చూడటం అదే మొదలు.

ఆ ఆగస్టులోనే సుబ్బారావు నిద్రలో మరణించాడు. వయస్సు 53. తన దొంగ తాళంచెవి ఇంకెన్ని తలుపుల దగ్గరికి పోతుందో చూడలేదు. మన తపాలా శాఖవారు 1995లో, శతజయంతికి, ఆయన బొమ్మతో బిళ్ళ వేశారు.

ఇక కీళ్ళ దగ్గరికి వద్దాము. 1951లో న్యూయార్కులో రిచర్డ్ గబ్నర్ అనే డాక్టరు, ఆయన సహచరులు ఒక సాహసం చేశారు. కీళ్లవాతంలో కీలు లోపలి పొర అదుపు తప్పి పెరుగుతుంది గనుక, పెరుగుదలను ఆపే అమినోప్టెరిన్‌ను చాలా తక్కువ మోతాదులో ఇచ్చి చూద్దామనుకున్నారు. ఇచ్చారు. వాపులు తగ్గాయి. సోరియాసిస్ ఉన్న రోగికి చర్మం మీది పొలుసులు కూడా రాలిపోయాయి. ఆ సంగతి ప్రచురించారు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

ఎందుకు పట్టించుకోలేదన్నది నాకు ఈ చరిత్రలో అన్నిటికంటె విచారింపదగిన విషయంగా తోస్తుంది. ఒక కారణం కార్టిసోన్. 1949లో ఫిలిప్ హెంచ్ బృందం దాన్ని లోకానికి చూపించినప్పుడు, మంచానపడినవాళ్ళు లేచి నడిచారు. మరుసటి సంవత్సరమే నోబెల్ బహుమతి వచ్చింది. నడిపించిన ఆ మందు కొన్నేళ్ళకు ఎముకలను గుల్ల చేస్తుందనీ, ముఖాన్ని ఉబ్బిస్తుందనీ, చక్కెర జబ్బు తెప్పిస్తుందనీ అందరికీ తెలిసేసరికి కాలం గడిచిపోయింది. రెండవ కారణం భయం. ప్రాణం తీయని జబ్బుకు కాన్సరు విషం ఇవ్వడమా అని డాక్టర్లే జంకారు. మూడవది నా ఊహ అనుకోండి, లెక్కలవాడి ఊహ. పాత మందుకు కొత్త ఉపయోగం కనిపెట్టడంలో కంపెనీకి మిగిలేది తక్కువ. ఏ పుస్తకంలోనూ లాభం కాలమ్ క్రింద చేరని పని కోసం ఎవరు డబ్బు పెడతారు?

మందు మాత్రం చచ్చిపోలేదు, చర్మవైద్యుల చేతికి పోయింది. గబ్నర్ రోగి పొలుసులు రాలిన సంగతిని వాళ్ళు పట్టుకున్నారు. 1950, 60 దశకాలలో సోరియాసిస్‌కు మెథోట్రెక్సేటు ఇస్తూ వాళ్ళు నేర్చుకున్న పాఠమే ఇవాళ మన ఇళ్ళలో ప్రాణాలు కాపాడుతున్నది. రోజూ ఇస్తే కాలేయమూ, ఎముకల్లోని మూలుగూ దెబ్బతింటున్నాయి. అదే మందును వారంలో ఒకటిన్నర రోజులోనే ముగించి, మిగతా రోజులు విడిచిపెడితే శరీరం తట్టుకుంటున్నది, పొలుసులూ తగ్గుతున్నాయి. క్రమంగా అది వారానికి ఒక్కసారి అనే పద్ధతిగా స్థిరపడింది.

చర్మవైద్యుల దగ్గరినుంచి అది మళ్ళీ కీళ్ళవైద్యుల దగ్గరికి ఇరవై ఏళ్ళకు వచ్చింది. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రపు స్పోకేన్ అనే ఊళ్ళో రెక్స్ హాఫ్‌మైస్టర్ అనే ప్రాక్టీసు చేసుకునే డాక్టరు, పెద్ద విశ్వవిద్యాలయం అండ లేకుండా, తన కీళ్లవాత రోగులకు వారానికొక సూదిగా మెథోట్రెక్సేటు ఇచ్చి, 1972లో 29 మంది సంగతి ఒక సభలో చెప్పాడు. మళ్ళీ నిశ్శబ్దం. 1983లో 78 మంది వివరాలు ప్రచురించాడు. అప్పటికి గాలి మారింది. 1985లో మైకేల్ వైన్‌బ్లాట్ మొదలైనవారు కట్టుదిట్టమైన పరీక్ష జరిపారు. ఏది మందో ఏది ఉత్తి బిళ్ళో డాక్టరుకూ రోగికీ తెలియకుండా, సగం కాలం ఒకటి, సగం కాలం మరొకటి ఇచ్చే పద్ధతి అది. మందు ఇస్తున్నప్పుడు కీళ్ళు తేలికపడ్డాయి, ఉత్తి బిళ్ళకు మారగానే వాపులు తిరిగి వచ్చాయి. ఆ పరీక్ష జరిగింది బోస్టనులో. చేతిలో డబ్బులేక సుబ్బారావు ఆసుపత్రి పనులు చేసిన ఊరు. 1988లో అమెరికా ప్రభుత్వం కీళ్లవాతానికి ఈ మందును అంగీకరించింది. గబ్నర్ కాగితానికీ ఈ అంగీకారానికీ మధ్య 37 సంవత్సరాలు. ఆ ముప్ఫైఏడేళ్ళలో చేతులు వంకరలు పోయినవారి లెక్క ఏ రిజిస్టరులోనూ ఉండదు.

మోతాదు సంగతి అకౌంట్సువాడిగా నేను లెక్క కట్టి చూశాను. కొన్ని ఎముకల కాన్సర్లలో మెథోట్రెక్సేటును శరీర ఉపరితలంలో చదరపు మీటరుకు 12 గ్రాముల చొప్పున ఎక్కిస్తారు. ఒకటిన్నర చదరపు మీటరు మనిషికి 18 గ్రాములు అయింది. కీళ్లవాతానికి ఇచ్చేది వారానికి ఏడున్నర నుంచి 25 మిల్లీగ్రాములు. 15 అనుకుందాము. అంటే 1200 వంతులలో ఒక వంతు. మరి 18 గ్రాములు తట్టుకునే మనిషి ఉండగా మా అక్క తొమ్మిది రోజుల్లో తొంభై మిల్లీగ్రాములకే ఎందుకు పడిపోయింది? నాకు ఇది చాలాకాలం అర్థం కాలేదు. జవాబు తూకంలో లేదు, గడియారంలో ఉన్నది. పెద్ద మోతాదు ఎక్కించినవారికి సుమారు ఒక రోజు గడవగానే ఫోలినిక్ ఆమ్లం మొదలుపెట్టి కణాలను విడిపిస్తారు, మందు రక్తంలోంచి పోయిందాకా కొలుస్తూ ఉంటారు. రోజూ చిన్న మాత్ర వేసుకున్నవారికి ఆ విడుదల లేదు. నోటి పొర, పేగు పొర, ఎముకల్లోని మూలుగు ఎప్పుడూ కొత్త కణాలు పుట్టించుకుంటూ ఉండాలి. వాటి తాళంలో దొంగ చెవి రాత్రింబగళ్ళు ఇరుక్కునే ఉంటే అవి ఎండిపోతాయి. వారంలో ఆరు రోజుల సెలవు ఇస్తే తేరుకుంటాయి. ఈ మందులో ఆ ఆరు రోజుల సెలవు కూడా మందే.

ఇంత చిన్న మోతాదు కీళ్ళలో ఏమి చేస్తున్నది అన్న ప్రశ్నకు సమాధానం 1990 దశకంలో రూపుదిద్దుకుంది. కాన్సరులో లాగా కణాలను చంపడం కాదు. వాచిన చోట కణాలు అడినోసిన్ అనే పదార్థాన్ని ఎక్కువగా బయటికి వదిలేటట్టు చేస్తుంది, అది దారితప్పిన సైన్యాన్ని శాంతింపజేస్తుంది అని న్యూయార్కులో బ్రూస్ క్రోన్‌స్టైన్ మొదలైనవారు చూపించారు. పనిచేసే మార్గం ఇదొక్కటే కాదంటారు, కాని ముఖ్యమైనవాటిలో ఒకటి. సుబ్బారావు 1929లో కండలోంచి తీసిన పదార్థపు నడుమ ఉన్నది ఈ అడినోసినే. ఆయన యౌవనంలో కనుగొన్నదీ, చివరి రోజుల్లో చేయించినదీ ఇలా మా అక్క వేళ్ళలో కలుసుకున్నాయి. ఇంకొకటి కూడా ఉన్నది. ఈ మాత్ర వల్ల వచ్చే వికారమూ, నోటిపూతా తగ్గడానికి వారంలో వేరే రోజున ఫోలిక్ ఆమ్లం బిళ్ళ ఇస్తారు, అలా ఇస్తే కీళ్ళకు కలిగే మేలు తగ్గదని పరీక్షించి తేల్చారు. మందూ, దాని తోడు బిళ్ళా రెండూ ఒకే ప్రయోగశాల బిడ్డలన్నమాట.

పాత మందును తక్కువ చేసి ఇవ్వడమనేది ఈ ఒక్క మందుకే చెల్లలేదు. మన ప్రాంతానికి బాగా తెలిసిన ఉదాహరణ డాప్సోన్. 1908లో జర్మనీలో తయారై, 1930 దశకం చివర సూక్ష్మజీవుల మీద పరీక్షకు వచ్చి, గ్రాముల లెక్కన ఇస్తే మనుషులకు విషమని మూల పడేసిన రసాయనం అది. 1940 దశకంలో మద్రాసు దగ్గర చెంగల్పట్టులో రాబర్ట్ కాక్రేన్, నైజీరియాలో జాన్ లో, దాన్ని కుష్ఠురోగులకు ఇచ్చి చూశారు. గ్రాములు కాదు, రోజుకు నూరు మిల్లీగ్రాముల ప్రాంతం చాలునని తేలింది. అంతకుముందు సాలూరు ఫిలడెల్ఫియా ఆసుపత్రి వంటి మిషను ఆసుపత్రుల్లో రోగులకు మిగిలినది చాల్‌మూగ్రా జాతి నూనెల సూదులు, ఆ సూదుల నొప్పి. చవకైన తెల్ల మాత్ర వచ్చాక కుష్ఠు ఇంటిదగ్గర ఉండి నయం చేసుకోగల జబ్బుగా మారడం మొదలైంది. తరువాత ఆ ఒక్క మందుకు క్రిములు లొంగకపోవడంతో 1980 దశకం నుంచి మరి రెండు మందులు కలిపి ఇస్తున్నారు.

బోదకాళ్ళ మాత్ర సంగతీ అంతే. ఉత్తరాంధ్ర తీరంలో దీన్ని ఎరుగని ఇల్లు లేదు. హెట్రజాన్ పేరుతో 1947లో వచ్చిన ఆ మందు కూడా సుబ్బారావు బృందానిదే. మొదట పన్నెండు రోజులు మింగించేవారు. ఊరందరికీ ఏడాదికి ఒక్క మోతాదు చాలునని తరువాత తెలుసుకుని, ఇంటింటికీ తిరిగి పంచారు. కళ్ళెదుట మింగమంటే గోడ అవతల ఉమ్మేసినవాళ్ళు మా వీధిలోనే ఉన్నారనుకోండి.

తిరిగి మెథోట్రెక్సేటుకు. పాఠకులలో ఈ మాత్ర వాడేవారు, వాడేవారిని ఇంట్లో పెట్టుకున్నవారు తప్పక ఉంటారు గనుక, ఆసుపత్రి వరండాలో నేను నేర్చుకున్న నాలుగు మాటలు ఇక్కడ చెప్పకపోతే ఈ వ్యాసానికి సార్థకత లేదు. ఐరోపా మందుల సంస్థవారు 2019లో, రోజూ మింగి చనిపోతున్నవారి సంగతి విచారించి, చీటీ మీద వారం పేరు స్పష్టంగా వ్రాయాలని, మాత్రలు సీసాలో గాక ఒక్కొక్కటీ విడివిడిగా ఉన్న స్ట్రిప్పులో ఇవ్వాలని సూచించారు. మన దగ్గర స్ట్రిప్పులు మొదటినుంచీ ఉన్నాయి, లేనిది వారం పేరే. "ఓ.డబ్ల్యు." అనే పొట్టి అక్షరాలకు బదులు "ఆదివారం మాత్రమే" అని డాక్టరుగారి చేత వ్రాయించుకోవడానికి మొహమాటపడవద్దు. మా అక్క చీటీ మీద ఆ రెండు మాటలు ఉండి ఉంటే ఆ కుర్రవాడు కూడా పొరబడేవాడు కాదు.

ఈ మందు శరీరంలోంచి బయటికి పోయేది ముఖ్యంగా మూత్రపిండాల ద్వారా. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కారణం ఇదమిత్థమని తేలని మూత్రపిండాల జబ్బు ఊళ్ళకు ఊళ్ళనే పట్టి ఉన్నదని అందరికీ తెలుసు. అటు చుట్టరికాలు ఉన్న కుటుంబాలు మన పల్లెల్లోనూ, స్టీలు ప్లాంటు కాలనీల్లోనూ ఎన్నో. కిడ్నీ మందగించినవారికి వారపు మోతాదు కూడా పోగుపడి రోజువారీ మోతాదులాగా పనిచేస్తుంది. అందుచేత మొదలుపెట్టేముందు క్రియాటినిన్ పరీక్ష, తరువాత నియమంగా రక్తకణాల పరీక్ష, కాలేయ పరీక్ష తప్పవు. ట్రైమెథోప్రిమ్ కలిసిన సల్ఫా మాత్రలు, మూత్రపు మంటకనీ విరేచనాలకనీ షాపుల్లో అడగగానే ఇచ్చేవి, దీనితో చేరితే అదే తాళాన్ని రెండు దొంగ చెవులతో బిగించినట్టే. గర్భిణీలకు ఇది పూర్తిగా నిషిద్ధం, గర్భంలోని బిడ్డకు చేటు. సారా అలవాటున్న మగవారు కాలేయం మాట డాక్టరుతో దాచకుండా చెప్పాలి.

ఇన్ని జాగ్రత్తలు చదివి భయపడి మానేసేవారుంటారని నాకు సందేహం. మా అక్కే మానేస్తానంది. "ఆ మాత్ర పేరెత్తకురా, నాకు ఈ వంకర వేళ్ళే చాలు" అని ఆరునెలలు మొండికేసింది. ఆ ఆరునెలల్లో కుడి మణికట్టు గూడా పట్టేసింది. చివరకు వేరే డాక్టరుగారు ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఈ కొత్త జీవౌషధాల సూదులు నెలకు వేలకు వేలు అవుతాయనీ, వాటిని వాడేచోట్ల కూడా తరచు మెథోట్రెక్సేటును ప్రక్కన ఉంచుతారనీ, ప్రపంచ ఆరోగ్య సంస్థవారి అత్యవసర మందుల పట్టికలో కీళ్ళ జబ్బుల క్రింద దీని పేరున్నదనీ ఓపికగా చెప్పారు. "అమ్మా, మందు తప్పు చెయ్యలేదు, దాని వారం తప్పింది" అన్నారు.

ఏడున్నరతో మొదలుపెట్టాము. ఫలితం కనపడడానికి రెండున్నర నెలలు పట్టింది, ఈలోగా అక్క నన్ను తిట్టని తిట్టు లేదు. నేను పోర్టు ఆఫీసులో వాడిన పద్ధతినే ఒక లెడ్జరు పుస్తకం తెరిచాను. ఎడమవైపు తేదీ, ఆదివారం మాత్ర, మంగళవారం ఫోలిక్ ఆమ్లం, అక్క సంతకం. కుడివైపు తెల్లకణాలు, కాలేయం, క్రియాటినిన్. స్ట్రిప్పు నా దగ్గరే ఉంటుంది, వారానికి ఒక్కటే కత్తిరించి ఇస్తాను. పోయిన డిసెంబరులో ఆమె రాస్ కొండ మెట్లు సగం దాకా ఎక్కి, అక్కడ కూర్చుని, హార్బరు ముఖద్వారంలోంచి ఓడ ఒకటి లోపలికి వస్తుంటే చూసి, అది ఏ దేశపు ఓడ అని నన్నడిగింది. మొదటి పేజీల్లో ఆమె సంతకం కోడి గీతల్లా ఉండేది. ఇప్పుడు నాలుగో పుస్తకం నడుస్తోంది, సంతకం చదవడానికి వస్తోంది.